తెలుగు బ్లాగుకు థీమ్ వెతుక్కోవడం: నా అనుభవం

డొమైన్ కొనడం, హోస్టింగ్‌లో వర్డ్‌ప్రెస్ (బ్లాగు నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించడం పెద్ద పనేం కాలేదు. అసలు టెన్షన్ థీమ్ దగ్గరే, అంటే సైటు రూపురేఖలు నిర్ణయించే అచ్చు దగ్గరే.

వర్డ్‌ప్రెస్‌కు బదులు, ఫైళ్ల నుంచి సైటు తయారుచేసే హ్యూగో కూడా చూశాను. డేటాబేస్ గొడవ ఉండదు, పేజీ చిటికెలో తెరుచుకుంటుంది. కానీ ప్రతి పోస్టుకూ మార్క్‌డౌన్ (సాదా గుర్తులతో రాసే పద్ధతి) ఫైల్ రాసి సైటును మళ్లీ తయారు చేయించాలి. నేనేమో బస్సులో కూర్చుని ఫోన్‌లో రాసే రకం. కాబట్టి వర్డ్‌ప్రెస్సే.

థీమ్‌ల డెమోలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని చూసి ముచ్చటపడితే లాభం లేదు. నేను రాసేది చేనేత గురించి. వస్త్రం, రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి లేకుండా పోస్టు గడవదు. అందుకని ఒత్తులు దట్టంగా ఉన్న ఒక పేరా, రెండు లైన్లకు సాగే ఒక శీర్షిక రాసి పెట్టుకుని, ఏ థీమ్ వేసినా ముందు వాటినే అతికించి చూశాను.

బాగా మనసుపడ్డ మ్యాగజైన్ తరహా థీమ్ అక్కడే తేలిపోయింది. శీర్షికల్లో లైన్ ఎత్తు అక్షరం సైజుకు 1.1 రెట్లే. ఇంగ్లీషుకు అది బిగువుగా, అందంగా ఉంటుంది. మనకు పై లైనులోని ‘ష్ట్ర’ ఒత్తులు దిగొచ్చి కింది లైను గుడుల మీద కూర్చున్నాయి. నాన్నకు ఫోన్‌లో చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, “ఏంట్రా, అక్షరాలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి?” అన్నారు.

ముఖపేజీలో కార్డులు పేర్చే థీమ్‌లదీ వేరే తంటా. సారాంశం విడిగా రాయకపోతే వర్డ్‌ప్రెస్ మామూలుగా మొదటి 55 పదాలు చూపిస్తుంది. ‘నేయించుకోవాల్సివచ్చింది’ కూడా దాని లెక్కలో ఒక్క పదమే! కార్డు కాస్తా చాంతాడంత సాగుతుంది. కొటేషన్లను ఇటాలిక్‌లో పెట్టే థీమ్‌లనైతే రెండోసారి చూడలేదు. పక్కకు ఒరిగిన తెలుగు నాకు నచ్చదు.

చివరికి ఏ హంగూ లేని ట్వెంటీ ట్వెంటీ ఫోర్ అనే థీమ్ దగ్గర ఆగాను. 2024లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.5 వెర్షన్ నుంచి ఇలాంటి బ్లాక్ థీమ్‌లలో (సైటును ముక్కలు ముక్కలుగా దిద్దుకోగల థీమ్‌లు) ఫాంట్ లైబ్రరీ ఉంది. గూగుల్ ఫాంట్లను మన సర్వర్‌లోకే దించుకోవచ్చు. మండలి ఫాంటు గుండ్రదనం నాకు ఇష్టమే. కానీ దానికి ఒకటే మందం, బోల్డ్ చేస్తే బ్రౌజర్ సిరా పులిమినట్టు చూపిస్తుంది. అందుకే పాఠానికి నోటో సాన్స్ తెలుగు, శీర్షికలకు రామభద్ర తీసుకున్నాను. లైన్ ఎత్తు పాఠానికి 1.8, శీర్షికకు 1.5. ఈ మార్పులు సైట్ ఎడిటర్‌లో (సైటు రూపం దిద్దే వర్డ్‌ప్రెస్ పేజీలో) చేస్తే డేటాబేస్‌లో ఉంటాయి, థీమ్ అప్‌డేట్ వచ్చినా చెరిగిపోవు.

ఏ థీమ్ వేసుకున్నా తప్పనిది పోస్టు చిరునామా సంగతి. వర్డ్‌ప్రెస్ దాన్ని శీర్షిక నుంచే తయారుచేస్తుంది; శీర్షిక తెలుగులో ఉంటే అందులోని ప్రతి హల్లూ, పొల్లూ, గుడీ విడివిడిగా తొమ్మిదేసి గుర్తులుగా మారతాయి. ‘స్త్రీ’ ఒక్కటే 54 గుర్తులు! చిరునామా ఉండే గడిలో చోటు 200 గుర్తులకే. అంటే నాలుగు మాటలు దాటకుండానే కత్తెర పడుతుంది, వాట్సాప్‌లో పంపితే లింకు నిండా శాతం (%) గుర్తులే. నేనైతే పబ్లిష్ నొక్కేముందు ఆ గడిలో ఇంగ్లీషు అక్షరాలతో రెండు మూడు మాటలు కొట్టేస్తున్నాను.