మెషిన్‌కి ఫిల్టర్ మార్చిన రోజు

ఏప్రిల్ వచ్చిందంటే విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు ఏసీ బండ్లు బారులు తీరతాయి. ఇవాళా అంతే. సరిగ్గా ఆ రద్దీలోనే కారు ఏసీలోని పాత గ్యాస్‌ని లాగి, శుభ్రం చేసి, మళ్లీ ఎక్కించే గ్యాస్ రికవరీ మెషిన్ ఫిల్టర్ మార్చమని చూపించింది.

"అన్నా, బానే లాగుతోందిగా. ఈ బండ్లు పంపించేశాక చూద్దాం" అన్నాడు కుర్రాడు. నేను ఒప్పుకోలేదు.

గ్యాస్ లాగడం వేరు, శుభ్రం చేయడం వేరు. పాత గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్, లోహపు రజను, తేమ కూడా వస్తాయి. ఆయిల్ చాలావరకు సెపరేటర్‌లో విడిపోతుంది. తేమను పట్టేవి మాత్రం ఫిల్టర్ డబ్బాలోని గుళికలే. అవి తడితో నిండిపోయాక గ్యాస్ వాటి మీంచి పోతుందే గానీ పొడిబారదు. మెషిన్ చప్పుడులో తేడా ఉండదు, గేజిలో తేడా ఉండదు. ఆ గ్యాస్‌నే ఇంకో బండికి ఎక్కిస్తే గ్యాస్‌ని చల్లబరిచే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్న దారిలో నీళ్లు మంచు కట్టి అడ్డుపడతాయి. కాసేపు చల్లగాలి, కాసేపు ఉత్తగాలి. బండి ఆపితే మంచు కరిగి మళ్లీ బాగానే ఉంటుంది కాబట్టి లోపం ఎక్కడుందో ఓ పట్టాన దొరకదు. పైగా తేమ, గ్యాస్, ఆయిల్ కలిసి ఆమ్లం పుట్టి కంప్రెసర్‌ని లోపల్నించి తినేస్తుంది.

కుర్రాడి చేతే మార్పించాను. ముందు ఫిల్టర్‌లో మిగిలిన గ్యాస్‌ని కూడా ట్యాంకులోకి లాగించి, గేజి చూసి, కరెంటు తీసేశాం. కళ్లజోడు, గ్లౌజులు పెట్టుకునేదాకా పానా చేతికివ్వలేదు. ఈ ఏసీ గ్యాస్, అంటే ఆర్-134ఎ, ద్రవంగా ఉన్నప్పుడు మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చర్మం మీద పడితే అక్కడికక్కడే గడ్డకట్టించేస్తుంది. కొత్త ఫిల్టర్ మూతలు చివరిదాకా తీయనివ్వలేదు, ఈ ఉక్కలో గుళికలు గాలిలోని తడినంతా పీల్చుకుంటాయి. ఓ-రింగులకు (లీకు ఆపే రబ్బరు రింగులు) ఆయిల్ రాసి, బాణం గుర్తు గ్యాస్ వెళ్లే వైపు ఉందని చూసి బిగించాం. లోపలి గాలి లాగేసి వాక్యూమ్ పెట్టి, అది నిలబడ్డాకే, అంటే లీకు లేదని తేలాకే, ఫిల్టర్ వాడకం లెక్కపెట్టే కౌంటర్ సున్నా చేశాం. పనిలో పనిగా వాక్యూమ్ పంపు ఆయిల్ కూడా మార్చాం.

నాకీ పట్టింపు ఊరికే రాలేదు. పాత గ్యాస్‌ని వాల్వ్ నొక్కి గాలికి వదిలేయడం ఇప్పటికీ చాలాచోట్ల చూస్తున్నాను, చూసినప్పుడల్లా కడుపు మండుతుంది. ఆర్-134ఎ పాత ఆర్-12లా ఓజోన్‌ని దెబ్బతీయదు, నిజమే. కానీ కిలో వదిలితే వందేళ్ల లెక్కన దాదాపు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి. కారులో ఉండేది సుమారు అరకిలో అనుకున్నా తక్కువేం కాదు. ఇలాంటి గ్యాస్‌లను తగ్గించాలన్న 2016 నాటి అంతర్జాతీయ ఒప్పందం కిగాలి సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. మా పనిలో ఆ మాటకు అర్థం, ఉన్న గ్యాస్‌నే శుద్ధిచేసి మళ్లీ వాడటమే.

మధ్యాహ్నం ఇంకెక్కడో గ్యాస్ కొట్టించుకున్న బండి ఒకటి వచ్చింది. లోపల ఏ గ్యాస్ ఉందో చెప్పే ఐడెంటిఫయర్ పెడితే హైడ్రోకార్బన్ కలిసిందని చూపించింది. ఫిల్టర్ తేమని పడుతుంది గానీ గ్యాస్‌లో కలిసిన వేరే గ్యాస్‌ని విడదీయలేదు. ట్యాంకులో ఉన్నదంతా పాడవుతుంది, పైగా అది అంటుకునే రకం. మా మెషిన్‌కి తగిలించనని ఓనరుగారికి విడమరిచి చెప్పాను. అలాంటి గ్యాస్ తీసే పరికరం ఉన్న షాపుకి ఫోన్ చేసి, రేపు పొద్దున్నకి మాట్లాడిపెట్టాను.