దూర ప్రయాణంలో బోటుకి కవర్ ఉంచాలా, తీసేయాలా?
డాలస్ నుంచి ఆర్కన్సాలోని లేక్ వాషిటాకి ట్రైలర్ మీద బోటు తీసుకెళ్లేటప్పుడు మాకు ప్రతిసారీ ఇదే చర్చ. నా మాట: కవర్ బోటు కొలతకి సరిగ్గా కుట్టినదైతే ఉంచండి, వదులుగా ఉంటే తీసేయండి. ఐ-30 హైవే మీద 65 మైళ్ల వేగంలో వదులు గుడ్డ ఊరికే ఉండదు. మా పక్కింటాయన బోటు చూశాను. విండ్‌షీల్డ్ మూల దగ్గర కవర్ చిరిగింది. పట్టీ కొట్టుకున్న చోట జెల్‌కోట్ అనే పైపూత మెరుపు పోయి, చేత్తో తడిమితే గరుకుగా తగిలింది. కవర్ కింద చేరిన ఇసుక ఉప్పుకాగితంలా రుద్దేస్తుంది మరి.

కవర్ తీసేస్తే మాత్రం కుషన్లు, లైఫ్ జాకెట్లు కారులో పెట్టాల్సిందే. అవి ఎగిరి వెనక బండి అద్దం మీద పడితే? ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. బిమినీ టాప్ (ఎండ తగలకుండా బోటు పైన వేసే గుడ్డ కప్పు) ఎలాగూ మడిచేయాలి. కవర్ వేసి వెళ్తే మొదటి గ్యాస్ స్టేషన్‌లోనే ఆగి పట్టీలు మళ్లీ బిగించండి, గాలికి అవి వదులవుతాయి.