ముగ్గురు ఎడారి పిల్లలు, ఒక ఇంటిపేరు

మా ఇంట్లో స్టార్ వార్స్ అనే హాలీవుడ్ అంతరిక్ష సినిమాలు వరుసగా చూద్దామనుకున్న రోజున వచ్చిన మొదటి తగాదా ఏ సినిమాతో మొదలుపెట్టాలన్నది. తొమ్మిదేళ్ల మా అబ్బాయి కథ నడిచిన వరుసలో, అంటే 1999లో వచ్చిన సినిమాతో మొదలుపెడదామన్నాడు. విడుదలైన వరుసలో 1977 నాటి సినిమాతో మొదలుపెడితేనే అందులోని కథానాయకుడు ల్యూక్ తండ్రి ఎవరన్న సంగతి 1980 సినిమా దాకా గుట్టుగా ఉంటుందని నేను వాదించాను. ఆ గుట్టును ఒకటో తరగతిలోనే ఎవరి టీషర్టు మీదో చదివేశానని వాడు చెప్పడంతో నా వాదన వీగిపోయింది. డాలస్ శివారులో పెరిగే పిల్లవాడికి ఆ సినిమాల్లోని నల్ల ముసుగు ప్రతినాయకుడు డార్త్ వేడర్ ఎవరి తండ్రో తెలియకపోవడమంటే, తెనాలిలో పెరిగిన నాకు కర్ణుడు ఎవరి కొడుకో తెలియకపోవడమే.

పెద్దయ్యాక డార్త్ వేడర్‌గా మారే అనకిన్, అతని కొడుకు ల్యూక్, చివరి మూడు సినిమాల నాయిక రే, ఈ ముగ్గురిలో ఎవరు గొప్ప అన్నది మా పిల్లలకు తెగని పంచాయితీ. పన్నెండేళ్ల మా అమ్మాయిది రే పక్షం. ఏ గురువు దగ్గరా సరిగా నేర్చుకోకుండానే అంత గొప్పదెలా అయిందని తమ్ముడి అభ్యంతరం. నాకు మాత్రం ముగ్గురి మధ్య పోలికలే వింతగా తోచాయి. ముగ్గురూ ఇసుకలో పెరిగినవాళ్లే. అనకిన్, ల్యూక్‌లది రెండు సూర్యులున్న టాటూయిన్, రేది జాక్కూ. 2002 సినిమాలో అనకిన్ కుడి చెయ్యి తెగుతుంది, కథలో ఒక తరం తరువాత ల్యూక్ కుడి చెయ్యి కూడా తెగుతుంది. 1983 సినిమాలో ల్యూక్ కోపం పట్టలేక తండ్రి యంత్రపు చేతిని నరికి, ఆ వెంటనే నల్ల తొడుగు వేసుకున్న తన చేతివంక చూసుకుంటాడు. తానూ ఏమైపోతున్నాడో ఆ చేతిలో కనిపించి, తన వెలుగు కత్తి లైట్‌సేబర్‌ను అవతలకు విసిరేస్తాడు. ఆ ఒక్క చూపు కోసం మేము ఆ ఘట్టాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాము.

అయితే అదే ఇసుక ముగ్గురికీ ఒకటే కాదు. ల్యూక్‌కు ఆ ఊరు విసుగు, ఎప్పుడు బయటపడదామా అని అస్తమిస్తున్న రెండు సూర్యుల వంక చూస్తూ నిలబడతాడు. రే అందుకు పూర్తిగా వ్యతిరేకం. వెళ్లిపోయే అవకాశం చేతికి వచ్చినా, తనను వదిలివెళ్లినవాళ్లు తిరిగి వస్తారన్న ఆశతో జాక్కూకే తిరిగి వెళ్లాలంటుంది. కూలిపోయిన యుద్ధయంత్రంలో కాపురం పెట్టి, గడిచిన ప్రతి రోజుకూ గోడ మీద ఒక గీత గీసుకుంటుంది. అనకిన్‌కు మాత్రం వెళ్లిపోవడమంటే తల్లిని విడిచి వెళ్లడమే.

అప్పుడు అనకిన్ వయసు తొమ్మిదేళ్లే. బానిసలైన తల్లీకొడుకుల్లో కొడుకు ఒక్కడికే విడుదల దొరికింది, ఎందుకంటే వాళ్ల విడుదల కోసం కాసిన పందెంలో ఇద్దరినీ ఒడ్డడానికి యజమాని ఒప్పుకోలేదు. నాలుగు అడుగులు వేసి తల్లి దగ్గరకు పరుగెత్తుకొచ్చిన పిల్లవాడికి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లమని ఆమె ధైర్యం చెబుతుంది. తిరిగి వచ్చి విడిపిస్తానని వాడు మాట ఇస్తాడు. తరువాతి సినిమాలో, పదేళ్లకు, వాడు వచ్చేసరికి ఆమె కొనఊపిరితో ఉంటుంది. మా అబ్బాయి అక్కడ సినిమా ఆపించి, పదేళ్లలో ఒక్కసారైనా ఫోన్ ఎందుకు చేయలేదని అడిగాడు. నక్షత్రాల మధ్య తిరగగల వాళ్లకు, ఒక రాణితో స్నేహమున్న వాళ్లకు ఒక బానిసను విడిపించడం పెద్ద పని కాదు కదా అని నాకూ అనిపించింది. 2006లో చదువుకోసం అమెరికా వచ్చిన నేను మొదటిసారి ఇంటికి వెళ్లింది నాలుగేళ్ల తరువాత, అదీ తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా వేయించుకునే స్టాంపింగ్ దగ్గర వీసా ఇవ్వరేమోనన్న భయం తీరాక. ఆ సంగతి వాడికి అప్పుడు చెప్పలేదు.

మా అమ్మాయికి రే కథలో ఇష్టమైనది ముగింపు. టాటూయిన్ ఇసుకలో ఒక ముసలావిడ పేరు అడిగితే రే అని చెబుతుంది, ఏ రే అని రెట్టించి అడిగితే అనకిన్, ల్యూక్‌ల ఇంటిపేరు పెట్టుకుని రే స్కైవాకర్ అంటుంది. నిజానికి ఆమె దుష్టచక్రవర్తి పాల్పటీన్ మనవరాలు. 2017 సినిమాలో రే తల్లిదండ్రులు ఊరూ పేరూ లేనివాళ్లని చెప్పి, 2019లో ఆ చక్రవర్తి మనవరాలిని చేయడం కథను చిన్నబుచ్చిందని నా అభిప్రాయం. మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఎవరూ కాని పిల్ల కొత్త పేరు పెట్టుకోవడం తేలిక అనీ, అలాంటి తాత ఉన్నాడని తెలిశాక పెట్టుకోవడమే కష్టమనీ అంది. నాకు జవాబు తోచలేదు.

మాకు శనివారం రాత్రి, అంటే తెనాలిలో ఆదివారం పొద్దున, మా అమ్మ వీడియోలోకి వస్తుంది. ఆ రోజు మా అమ్మాయి తన అరకొర తెలుగులో రే కథంతా చెప్పింది. మా అమ్మ ఓపిగ్గా విని, "అంటే దత్తు వెళ్లినట్టేగా?" అంది. దత్తతకు వెళితే ఇంటిపేరుతో పాటు గోత్రం కూడా మారుతుందనీ, అది పెద్దలు కూర్చుని చేసే పని అనీ వివరించింది. ఈ పిల్ల ఎవరినీ అడగలేదు, ల్యూక్, అతని కవల చెల్లెలు లేయా ఆత్మలు దూరం నుంచి చూస్తూ నిలబడ్డాయంతే. "పోనీ కర్ణుడు కూడా అంతే, కన్నతల్లి ఎవరో తెలిశాక కూడా రాధేయుడిగానే ఉండిపోయాడు" అంది మా అమ్మ. "కానీ నాన్నమ్మా, ఆయన బ్యాడ్ గైస్ సైడే ఉండిపోయాడు కదా" అని మనవరాలు అంటే, "అదీ నిజమేలే" అని నవ్వేసింది.

అక్కడి నుంచి మాట మా ఇంటిపేరు మీదకు మళ్లింది. నా పాస్‌పోర్టులో పేర్లు తారుమారు కావడం వల్ల ఇక్కడి కాగితాల్లో నా పేరే ఇంటిపేరైంది, పిల్లలకూ అదే వచ్చింది. బడిలో మా అమ్మాయిని పిలిచే చివరి పేరు వాళ్ల నాన్న పేరు. మరి అసలుది ఏమిటని అడిగితే మా అమ్మ చెప్పింది. చివర్లో ఉన్న "ళ్ళ" దగ్గర మా అమ్మాయి నాలుక తిరగక నాలుగుసార్లు "ల్ల" అనే అంది, నాన్నమ్మ ప్రతిసారీ సరిదిద్దుతూనే ఉంది. సోఫా మీద బోర్లా పడుకుని అంతసేపూ వినిపించుకోనట్టే ఉన్న మా అబ్బాయి తల ఎత్తకుండానే దాన్ని మొదటిసారే సరిగ్గా పలికి, ఇక తరువాతి సినిమా పెడతారా అని అడిగాడు.