శ్రీకూర్మం నీళ్లలో, శాలిహుండం ఇటుకల్లో

అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని ఇంటికెళ్లిపోదామన్నది మా పెద్దమ్మ ప్లాన్. శాలిహుండాన్ని మధ్యలో ఇరికించింది నేను.

శ్రీకూర్మంలో శ్వేతపుష్కరిణి మెట్ల మీద ఆమె చాలాసేపు కూర్చుంది. పెదనాన్న అస్థికలు కలిపింది అక్కడే. ఆ నీళ్లలో కలిపినవి సాలగ్రామాలవుతాయని నమ్మకం. మేం చూస్తుండగానే ఓ కుటుంబం గుడ్డ కట్టిన మట్టిముంతతో దిగింది. ముంత ఖాళీ చేసి, మునకలేసి, వెనక్కి చూడకుండా మెట్లెక్కేశారు. మన పద్ధతి అంతే. ఎంత ప్రాణమైన మనిషివైనా సరే, ఎముకలు ఇంట్లో పెట్టుకోం.

శాలిహుండం కూడా గార మండలమే. వంశధార ఒడ్డు కొండ. ఇక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది మన వాడుక భాష గిడుగు రామమూర్తి పంతులుగారే. ఎండకి రొప్పుతూ పైకెక్కితే ఇటుక స్తూపాలు. ఒక్కో ఇటుక మన ఇంటి ఇటుకకి రెండింతలుంది, సందుల్లో గడ్డి.

"లోపల దేవుడేడిరా?"

"దేవుడు కాదు పెద్దమ్మా, ధాతువులు. అస్థికల్ని భరిణెల్లో పెట్టి పైన స్తూపం కట్టేవారు. తవ్వకాల్లో భరిణెలు దొరికాయి కూడా."

"ఓలమ్మ! బొమికలకి గుడి కట్టారేటి?"

బుద్ధుడి అస్థికల కోసం రాజులు యుద్ధానికి సిద్ధమైతే, ద్రోణుడనే బ్రాహ్మణుడు ఎనిమిది వాటాలు వేసి గొడవ ఆపాడని బుద్ధుడి చివరి రోజులు చెప్పే పాళీ గ్రంథం మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది. కొలిచిన పాత్ర తను అడిగి తీసుకున్నాడు. ఆలస్యంగా వచ్చిన మోరియులనే వంశం వాళ్లకు చితిలో బొగ్గులే మిగిలాయి. వాటికీ స్తూపం కట్టుకున్నారు. "పంపకాలు చేసిన పెద్దమనిషికీ ఏదోటి దక్కాల కదా" అంది పెద్దమ్మ.

కానీ లేచి, ఎవరూ చెప్పకుండానే స్తూపాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ప్రదక్షిణం చేసింది. కొండ దిగాక బాటిల్ నీళ్లతో కాళ్లు కడుక్కుని, నెత్తిన కాసిని చల్లుకుంది. దేని లెక్క దానిదే!

మర్నాడు సరుబుజ్జిలి మండలం దంతవరపుకోట. పొలాల మధ్య మట్టికోట దిబ్బలు తప్ప పెద్దగా చూసేదేం లేదు. ఊళ్లోవాళ్లకిది కృష్ణుడి చేతిలో చచ్చిన దంతవక్త్రుడి కోట. బుద్ధుడి దంతాన్ని పూజించిన కళింగ దంతపురం ఇదేనని కొందరు చరిత్రకారులంటారు, పూరీయేనని మరికొందరు. శత్రువులు మీద పడుతుంటే రాకుమారి హేమమాల ఆ దంతాన్ని జుట్టులో దాచుకుని, భర్త దంతకుమారుడితో ఓడెక్కి సింహళం చేర్చిందని కథ. అది 4వ శతాబ్దం మాట. ఇప్పుడా దంతం శ్రీలంకలోని క్యాండీలో, దళదా మాళిగావ అనే గుడిలో ఉంది.

"జుట్టులోనా? బొమికనా?" పెద్దమ్మ చెయ్యి తన కొప్పు మీదకి పోయింది. అంటు గురించి ఏదో అంటుందనుకున్నా.

"మరైతే ఆ క్యాండీ ఎల్లాలంటే పాస్‌పోర్టు కావాలేటిరా?"

కావాలన్నాను. టికెట్ ఎంతో కనుక్కోమంది.