గ్యాస్ గీజర్ బాత్రూమ్ బయట పెట్టించడానికి నేను పడ్డ పాట్లు

మా గ్యాస్ గీజర్ మొన్నటి నుంచి పనిచేస్తోంది. నీళ్ళు బాగానే కాగుతున్నాయి, నా కోపమే ఇంకా చల్లారలేదు. అది చల్లారేలోపే రాసేస్తే ఎవరికైనా పనికొస్తుంది.

మేముండేది కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి కొండ, 1672 మీటర్లది, మాకు దగ్గరే. ఘాట్ దిగి సాలూరు వెళ్తే ఫ్యాను వేసుకునే రోజుల్లో కూడా ఇక్కడ మేం స్వెట్టరు విప్పం. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పొద్దున్నే వేడినీళ్ళు పడకపోతే ఆవిడకి రోజు మొదలవదు. కరెంటు గీజర్ ఉంది. కానీ చలికాలం పొద్దున వోల్టేజీ పడిపోయి బల్బు ఎర్రగా వెలుగుతుంటే 2000 వాట్ల గీజర్ ఏం కాగుతుంది? అందుకని గ్యాస్ గీజర్ అనుకున్నాం. విశాఖ వెళ్ళినప్పుడు మావారు తెచ్చారు, నిమిషానికి 6 లీటర్లది, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15558 అని గ్యాస్ గీజర్ల ప్రమాణం నంబరు రాసి ఉన్నది. కొనడంలో ఏ ఇబ్బందీ లేదు.

రెండో సిలిండరు దగ్గర చిన్న ఇబ్బంది. గీజర్‌కి విడిగా సిలిండరు ఉండాలని నా పట్టుదల. ఏజెన్సీలో కూర్చునే అతను, స్టవ్ కూడా తమ దగ్గరే కొంటేనే రెండో సిలిండరు ఇస్తానన్నాడు. ఇంట్లో స్టవ్ ఉందంటే "కాలి ఆసంతు, ఆజ్ఞా" (రేపు రండి) అని ఒడియాలో మర్యాదగా తిప్పి పంపాడు. మర్నాడూ అదే మర్యాద. ఆ మర్నాడు అతని ఎదురుగానే నిలబడి 1800 2333 555కి ఫోన్ కలిపాను, గ్యాస్ కంపెనీల టోల్ ఫ్రీ నంబరు అది. అవతల రింగు వినపడేసరికి డిపాజిట్ రసీదు పుస్తకం దానంతటదే బల్ల మీదికొచ్చింది. స్టవ్, టీపొడి, సబ్బులు అంటగట్టాలని చూస్తే ఎవరూ కొనకండి. సిలిండరు కావాలంటే అవి కొని తీరాలన్న రూలేమీ లేదు.

అసలు బాధంతా ఫిట్టర్ దగ్గర.

మంచి పేరున్న మనిషేనట, ఊళ్ళో సగం గీజర్లు తనే పెట్టానన్నాడు. డ్రిల్లింగ్ మిషన్ భుజాన వేసుకుని వచ్చి, నన్ను ఒక్క మాట అడగకుండా నేరుగా బాత్రూమ్‌లోకి పోయి షవర్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రెండు గుర్తులు పెట్టాడు. మా బాత్రూమ్ నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పైన అద్దం పలకల వెంటిలేటర్, అందులోనే ఎగ్జాస్ట్ ఫ్యాను. "లోపల వద్దు, వెనక వరండా గోడకి పెట్టండి" అన్నాను. "సార్ లేరా?" అన్నాడు.

ఆ సమయంలో జాకెట్టు కొలతలకి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ముందు గదిలో ఉన్నారు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. గీజర్ పెట్టెలో వచ్చిన పుస్తకం తెచ్చి, బాత్రూమ్‌లో బిగించకూడదని లావు అక్షరాల్లో ఉన్న చోట వేలు పెట్టి చూపించాను. అతను దానివైపు చూడనేలేదు. "కంపెనీ వాళ్ళు తప్పించుకోడానికి అలాంటివి వంద రాస్తారు మేడమ్. ఈ వీధిలో అందరికీ లోపలే పెట్టాను, ఎవరైనా పోయారా?" అని నవ్వాడు. ఆ మీదట ముందు గదిలోకి వినపడేలా, "బట్టలు కుట్టుకునేవాళ్ళు గ్యాస్ సంగతి మాకు చెప్తే ఎలా?" అన్నాడు.

చెవులు వేడెక్కిపోయాయి. కొలతలకి వచ్చినావిడ టేపు వైపు చూస్తూ కూర్చుంది, పాపం.

మావారికి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టమని ఫిట్టరే అడిగాడు. ఆయనగారు ఆఫీసులో ఏ పనిలో ఉన్నారో ఏమో, మొత్తం వినకుండానే, "అతని పని అతనికి తెలుసు కదా, చేయనీ" అనేశారు. ఫిట్టర్ మొహంలో ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. డ్రిల్లు ప్లగ్గులో పెట్టబోయాడు. నేను కుట్టుమిషన్ ముందుండే స్టూలు తెచ్చి బాత్రూమ్ గుమ్మంలో వేసుకుని కూర్చున్నాను. నన్ను దాటి లోపలికి వెళ్ళడానికి దారి లేదు. కాసేపు గొణిగాడు, మావారికి మళ్ళీ ఫోన్ చేశాడు, ఆయన ఎత్తలేదు. చివరికి వచ్చినందుకు మూడు వందలు తీసుకుని పోయాడు. పని చేయకపోయినా మూడు వందలు! రెండు గుర్తుల పెన్సిల్ ఖర్చు కాబోలు.

ఎందుకంత పంతం అని మా అత్తగారే అడిగారు. ఆవిడకి చెప్పిందే ఇక్కడా చెప్తాను. ఈ బుల్లి గీజర్ స్టవ్ మీది ఒక బర్నర్‌కి ఐదారు రెట్లు గ్యాస్ తాగుతుంది. ఒక పాలు గ్యాస్ పూర్తిగా మండాలంటే 24 పాళ్ళకు పైగా గాలి కావాలి. తలుపు గడియ వేసుకున్న నాలుగడుగుల గదిలో అంత గాలి ఎక్కడిది? స్నానం మొదలెట్టిన కాసేపటికే లోపలి ఆక్సిజన్ తగ్గుతుంది, మంట సగం సగంగా మండుతుంది, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండర్లోని గ్యాస్ లీకయితే ముక్కు పట్టేస్తుంది, ఎందుకంటే అందులో కావాలనే ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు సరుకు కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, దగ్గు కూడా రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కడుపులో తిప్పడం, కాళ్ళు తేలిపోవడం, అంతే. గడియ తీయాలని తెలుస్తుంది గానీ చెయ్యి లేవదు. మోకాళ్ళ నొప్పుల మనిషిని ఆ గదిలోకి పంపి, ఎంతమంది పోయారో లెక్క చూసుకోవాలా?

ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందిగా అంటారు. లోపలికి గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాను ఒక్కటే లాగుతుంటే, పొగ గొట్టం పెట్టినా దాంట్లోంచి బయటికి పోవాల్సిన పొగని కూడా వెనక్కి లాగే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఆ ఫిట్టర్‌కి తెలియక కాదు, బయట పెడితే గోడకి కన్నం కొట్టాలి, పైపు ఎక్కువ పడుతుంది, పని పెరుగుతుంది. నేను మెడ పట్టీ అర అంగుళం తప్పు కత్తిరిస్తే రెండో రోజే కస్టమర్ వచ్చి మొహాన పడేస్తుంది, మళ్ళీ కుట్టివ్వాలి. అతనికి ఆ భయం లేదు. చెడిపోయిన పని గురించి అడగడానికి మనిషి మిగలాలి కదా. అన్నట్టు, పదిహేనేళ్ళుగా కుడుతున్నాను, నా చేతి జాకెట్టు సరిపోలేదని పక్క ఊరు సునాబేడా నుంచి వచ్చేవాళ్ళలో ఒక్కరూ అనలేదు.

మావారితో రెండు రోజులు మాటల్లేవు.

ఆ తర్వాత సునాబేడా నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో. "అక్కా, ఎక్కడ పెట్టమంటారు?" అని మొదటి మాటే అడిగాడు. అప్పుడే అనుకున్నాను పని అవుతుందని. మాది అద్దె ఇల్లు. ఓనరమ్మ, మేం మావుసీ (పిన్ని) అని పిలిచే ఆవిడ, గోడకి కన్నం అనగానే మొహం ముడుచుకుంది గానీ, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సిమెంటు పూడ్పించి ఇస్తానని చెప్తే ఒప్పుకుంది. వేడినీళ్ళకి సీపీవీసీ పైపు గోడలోంచి వేశాడు. అతను కూడా పైపు కలిసొస్తుందని వెంటిలేటర్ కిందే గీజర్ బిగించబోయాడు. వద్దన్నాను. పొగ నేరుగా అందులోంచే లోపలికి వెళ్తే ఇక బయట పెట్టి ఏం లాభం? ఐదడుగులు పక్కకి, మంట కనపడే కిటికీ నా కళ్ళకి సరిగ్గా అందే ఎత్తులో పెట్టించాను. పైన రేకు ఉంది, వాన పడదు. గాలి నేరుగా కొట్టే వైపు గోడ అడ్డం ఉంది. ఇవి చూసుకోకుండా బయట పెడితే మంట ఊరికే ఆరిపోతూ ఉంటుంది.

గ్యాస్ పైపు విషయంలో ఆ మొదటి పెద్దమనిషి, స్టవ్ పైపు మధ్యలో కోసి 'టీ' జాయింటు (పైపుని రెండుగా చీల్చే ముక్క) పెడతాననీ, అప్పుడు రెండో సిలిండరే అక్కర్లేదనీ సలహా కూడా ఇచ్చి పోయాడు. చచ్చినా ఒప్పుకోకండి. నారింజ రంగు సురక్షా పైపే వాడండి, లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటుంది, మీద ఐఎస్ 9573 అనీ తేదీ అనీ అచ్చేసి ఉంటాయి, 5 ఏళ్ళకి మార్చేయాలి. పొడవు మీటరున్నర దాటకూడదు. నా కుట్టు టేపుతో కొలిచి చూసుకున్నాను, సిలిండరు జరిపి మరీ సరిపెట్టాం. సిలిండరు నిలువుగానే ఉండాలి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకయితే నేల మీద పాకుతుంది, గుంటల్లో నిలబడుతుంది. మా వరండా నీళ్ళు పోయే తూముకి దూరంగా పెట్టాం.

లీకు చూడటానికి కుర్రాడు అగ్గిపెట్టె తీశాడు. లాక్కుని సబ్బు నురగ ఇచ్చాను. రెగ్యులేటర్ దగ్గర ఒక్క బుడగ ఉబ్బి, పగిలి, మళ్ళీ ఉబ్బింది. సిలిండరు నోట్లో ఉండే నల్ల రబ్బరు వాషర్ అరిగి ఉంది. మార్చాక ఆగింది. మీకు వాషర్ మార్చడం చేతకాకపోతే రెగ్యులేటర్ తీసేసి, సిలిండరుకి మూత బిగించి, 1906కి ఫోన్ చేయండి, లీకుల కోసమే ఉన్న నంబరు.

అంతా అయ్యాక గీజర్ వెలగలేదు. బ్యాటరీలు బాగున్నాయి, టిక్ టిక్ అంటోంది, మంట రాదు. నీళ్ళ ఒత్తిడి చాలలేదు. ట్యాంకు కింద ఇనుప స్టాండు వేసి ఎత్తు పెంచాం, వెలిగింది.

మంట నీలంగా ఉందా లేదా అని రోజూ కిటికీలోంచి ఒకసారి చూస్తున్నాను. పసుపు తిరిగితే ఆపేసి బర్నర్ శుభ్రం చేయించాలి. అత్తగారు మాత్రం నిశ్చింతగా గంటసేపు స్నానం చేస్తున్నారు, ఈ లెక్కన సిలిండరు ఎన్నాళ్ళొస్తుందో చూడాలి. మావారు ఆఫీసులో, గీజర్ బయటే పెట్టించాలని తను మొదటి నుంచీ పట్టుబట్టినట్టు చెప్పుకుంటున్నారట. వాళ్ళ కొలీగ్ భార్య నిన్న జాకెట్టు తీసుకోడానికి వచ్చి చెప్పింది.