నూతి గిలక చప్పుడు

మన 1993 పదో తరగతి బ్యాచ్‌లో ఎవరు కనిపించినా ముందు అడిగేది ఆ గిలక నాటకం గురించే. మన బడి పాత విద్యార్థుల ఈ సంచికకి ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకూ అదే గుర్తొచ్చింది, ఎందుకంటే నేనిప్పుడు హైదరాబాదులో సినిమాలకి సౌండ్ ఎడిటింగ్ చేసి బతుకుతున్నానంటే దానికి మూలం విజయనగరంలో మన బడి స్టేజీ వెనక ఆ సాయంత్రం నేను తిప్పిన ఇనప గిలక.

యానివర్సరీకి ఏదో ఒక నాటకం వెయ్యాలి, దెయ్యం నాటకమైతే అందరూ చూస్తారని మేం పట్టుబట్టాం. తెలుగు మాస్టారు కాదనలేదు సరికదా ఆయన కుర్రతనంలో చూసిన సినిమా కథ చెప్పారు. 1966లో వచ్చిన ఆమె ఎవరు, జగ్గయ్య జయలలిత వేసింది. దానికి రెండేళ్ళ ముందు హిందీలో వచ్చిన వో కౌన్ థీకి అది రీమేక్. వానరాత్రి ఒక డాక్టరు కారులో పోతుంటాడు, రోడ్డు మీద తెల్లచీర కట్టుకున్న అమ్మాయి నిలబడి ఉంటుంది, ఎక్కించుకుంటాడు, వైపర్లు ఆగిపోయి అతనికి దారి కనిపించదు గానీ ఆమెకి మాత్రం కనిపిస్తుంది, తిన్నగా శ్మశానానికి తీసుకెళ్తుంది. మాస్టారు అది చెప్తుంటే మధ్యాహ్నం మూడింటికి, కిటికీలన్నీ తీసున్న క్లాసులో, మేం ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని కూచున్నాం.

మేం కథని ఉన్నదున్నట్టు దించేశాం. తెల్లచీర, విరబోసిన జుట్టు, మొహానికి పౌడరు, సాంబ్రాణి పొగ, అన్నీ. రిహార్సల్‌కి ఏడో తరగతి పిల్లల్ని కూచోబెడితే దెయ్యం వచ్చేసరికి పగలబడి నవ్వారు. ఒకటే ఏడుపొచ్చింది మాకు, ఎందుకంటే మాస్టారు నోటితో చెప్తేనే అంత భయమేసిన కథ మేం అన్ని హంగులూ పెట్టి చేస్తే ఎందుకు తేలిపోయిందో అర్థం కాలేదు.

మాస్టారు పొగ తీయించి, చీర తీయించి, మమ్మల్ని కింద కూచోబెట్టి ఒక్క మాట అడిగారు. "ఒరే, ఆ సినిమా వచ్చినప్పటికి కారన్నా తెల్లచీరన్నా జనానికి కొత్త. మరి మీ ఇళ్ళల్లో రాత్రిపూట మీకు దేనికి భయమేస్తాదిరా? అది చెప్పండి ముందు." అయ్యకోనేరు గట్టు మీద నుంచి వచ్చే మావాడొకడు, వాడు మామూలుగా నోరు విప్పడు, లేచి "నూతికాడ గిలకండీ, రాత్రేల గాలికి కిర్రుమంటాదండీ, ఎవరో నీళ్ళు తోడతన్నట్టు" అన్నాడు. అందరం ఒక్కసారి అవునవును అన్నాం, అప్పటికింకా సగం ఇళ్ళల్లో నూతులే కదా.

అంతే, నాటకం మొత్తం తిరగరాసేశారు మాస్టారు. స్టేజీ మీద ఒక ఇల్లు, ఒక లాంతరు, కొత్త కోడలు, ముసలి అత్తగారు. దెయ్యం అసలు రాదు. తెర వెనక నేను గిలక తిప్పుతాను, కిర్ర్... కిర్ర్... అని మెల్లగా, చేద పైకి వస్తున్నంత సేపు. కోడలు అన్నం కలుపుతూ ఆగి "ఇంత రాత్రేల ఎవరత్తా నీళ్ళు తోడతన్నారు?" అంటుంది. అత్తగారు తలెత్తకుండా "మనింట్లో నుయ్యి పూడ్సీసి పదేళ్ళయిపోనాదే" అంటుంది. ఆ మాట తర్వాత గిలక ఆపకు, ఇంకో నాలుగుసార్లు తిప్పి ఆపు అన్నారు మాస్టారు. ఎన్నిసార్లు తిప్పాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నాతో రెండు వారాలు ప్రాక్టీసు చేయించారు.

ఆ రోజు గ్రౌండులో కూచున్న అమ్మలందరూ ఎలా బిగుసుకుపోయారో తెర సందులోంచి చూశాను. అయిపోయాక ఎవరి నాయనమ్మో స్టేజీ వెనక్కి వచ్చి నా చేతిలో గిలక చూసి "నాయనా, అది రాత్రికి ఇక్కడుంచకండి" అంది. నాకు ఆ తర్వాత వచ్చిన ఏ మెచ్చుకోలూ దానికి సాటి రాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పాత హారర్ థ్రిల్లర్లని ఈ కాలం వాళ్ళకి మళ్ళీ తీయడం అనే పని నా చేతిలోకి రెండు మూడుసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ మాస్టారి ప్రశ్నే అడుగుతాను. సైకో తీసుకోండి. 1960లో హిచ్‌కాక్ తీసింది బ్లాక్ అండ్ వైట్, బాత్రూమ్ సీన్లో రక్తం చాక్లెట్ సిరప్, కత్తి దిగే చప్పుడు ఖర్బూజా లాంటి పండుని పొడిచి తీసింది. ఆ సీన్‌కి మ్యూజిక్కే వద్దనుకున్నాడాయన, బెర్నార్డ్ హెర్మన్ ఉత్త తీగ వాయిద్యాలతో చేసి వినిపించాక ఒప్పుకున్నాడు. 1998లో గస్ వాన్ శాంట్ దాన్నే రంగుల్లో, దాదాపు షాట్‌కి షాట్ మళ్ళీ తీశాడు, అదే వరస, అవే డైలాగులు, అదే సంగీతం, హీరోయిన్ ఎత్తుకుపోయే డబ్బు మాత్రం 40 వేల డాలర్ల నుంచి 4 లక్షలు చేశాడు. నేను చాలా ఆశగా చూశాను, ఎక్కడా గుండె ఝల్లుమనలేదు. 1960లో సగం సినిమా కాకుండానే హీరోయిన్ చచ్చిపోతుందని ఎవరూ అనుకోలేదు, సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని హాళ్ళవాళ్ళకి రూల్ కూడా పెట్టారు. ఆ తెలియకపోవడమే సగం భయం. షాట్ కాపీ చెయ్యొచ్చు గానీ చూసేవాడికి తెలియకపోవడాన్ని ఎలా కాపీ చేస్తాం?

మన పక్కనే బ్రహ్మాండంగా చేసినవాళ్ళున్నారు. 1993లోనే ఫాజిల్ మలయాళంలో తీసిన మణిచిత్రతాళ్‌లో భయం ఎక్కడుందంటే ఇంట్లో పిల్ల ఉన్నట్టుండి ఆ ఇంటిది కాని భాషలో, అరవంలో మాట్లాడ్డంలో ఉంది. మరి దాన్ని తమిళంలో తీస్తే? ఆ పిల్ల అరవం మాట్లాడితే ఎవరికి భయం? అందుకే 2005లో చంద్రముఖికి వచ్చేసరికి ఆమె నోట తెలుగు పెట్టారు, దానికి ముందు 2004లో కన్నడ ఆప్తమిత్రలోనూ తెలుగే, 2007లో హిందీ భూల్ భులయ్యాలో బెంగాలీ. ఇల్లు అలాగే ఉంది, మూసిన గది అలాగే ఉంది, పరాయి భాష మాత్రం ఎక్కడికక్కడ మారిపోయింది. మన మాస్టారు ఆ సినిమాలేవీ రాకముందే కారు తీసేసి గిలక పెట్టింది సరిగ్గా ఇందుకే.

ఈమధ్య ఒక నిర్మాత పాత థ్రిల్లర్ ఒకటి రీమేక్ చేద్దామని పిలిచి, ఈ కాలం జనానికి ఓపిక లేదు, పది నిమిషాలకోసారి ఢామ్మని ఒక చప్పుడు పడాలి అన్నారు. చాలాసేపు వాదించాను, ఓపిక లేకపోవడం కాదండీ, ఇప్పుడు జనం చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒంటరిగా చూస్తున్నారు, చప్పుడు నేరుగా చెవిలోకే పోతోంది, గట్టిగా కొట్టక్కర్లేదు మెల్లగా అంటే చాలు అని. ఆయనకి నచ్చలేదు, బయటికొచ్చేశాను. దానికి బాధపడ్డాను కూడా, ఆ కథ మంచిది.

అందుకే మాస్టారి నాటకాన్నే చిన్న సినిమాగా నేనే తీస్తున్నాను. ఇప్పుడు నూతులెక్కడివి, అపార్ట్‌మెంట్ కదా. రాత్రి మూడింటికి కింద బోరు మోటారు ఆన్ అవుతుంది, పైన ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు గోడల్లోంచి వినిపిస్తుంటుంది, ఇంటాయన విసుక్కుని వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తాడు ఈ టైములో మోటారేమిటయ్యా అని. అవతల్నుంచి వాచ్‌మన్ నిద్రమత్తులో "మోటారు కాలిపోనాది కదండీ, మొన్ననే విప్పి రిపేరుకి అట్టుకుపోనారు, ట్యాంకర్ నీళ్ళే కదండీ వాడతన్నాం" అంటాడు. ఫోన్ పెట్టేశాక కూడా నీళ్ళు పడుతూనే ఉంటాయి, ఎంతసేపు పడాలో నాకు తెలుసు.

ఆ మోటారు చప్పుడు అడుగున, వినీ వినపడనట్టు, ఒక నూతి గిలక ఉండాలి నాకు. రికార్డు చేసిన చప్పుళ్ళు దాచే సౌండ్ లైబ్రరీల్లో దొరికే గిలక చప్పుళ్ళన్నీ విన్నాను, ఒక్కటీ మనది కాదు. మన బడి నుయ్యికి ఇప్పుడు ఇనప జాలీ బిగించేశారు, ఆ గిలక ఎక్కడుందో ఎవరికీ తెలీదన్నారు. కోట చుట్టుపక్కల గానీ, అయ్యకోనేరు వైపు గానీ, ఊళ్ళల్లో మీ తాతల ఇళ్ళల్లో గానీ ఇంకా నీళ్ళు తోడుతున్న నుయ్యి, కిర్రుమనే గిలక ఎవరికైనా ఉంటే చెప్పండి. దయచేసి నేనొచ్చేదాకా నూనె వెయ్యకండి.