బల్లెం, జాకెట్, ఒక సొట్ట

పన్నెండు దాటింది. రేపటి రోల్‌ప్లేయింగ్ ఆటకి (పాచికలేసి పాత్రలు నడిపే ఆట) కవచాల పట్టిక రాస్తుంటే మళ్ళీ అదే ముల్లు గుచ్చుకుంది. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఎదురుగా ఒకే అంకె వేసి వదిలెయ్యమంటారు మావాళ్ళు. కొత్తది కాబట్టి పాత ఇనుము కన్నా గట్టిదేనట. కాదు బాబూ!

అలాంటి ఆటల రూల్ పుస్తకం గర్ప్స్ నాలుగో ఎడిషన్ తియ్యండి. టెక్ లెవెల్ 8, అంటే మన కాలపు, జాకెట్‌కి డీఆర్ (దెబ్బలోంచి కవచం తీసేసే అంకె) 8/2. మొదటి అంకె తూటాలకీ కత్తి కోతలకీ, రెండోది మిగతావాటికి. టెక్ లెవెల్ 3, అంటే మధ్యయుగపు, బరువు ఉక్కు కోర్స్‌లెట్‌కి (మొండెం కవచం) దేనికైనా 7. బలం 11 ఉన్నవాడు ఒంటిచేత్తో బల్లెం పొడిస్తే దెబ్బ ఒక డై (పాచిక) ప్లస్ 1. ఆరు పడినా మొత్తం 7, కోర్స్‌లెట్ దగ్గరే ఆగిపోతుంది. జాకెట్ మీదైతే నాలుగు పడితే చాలు: 5లో 2 పోగా 3 లోపలికి దిగుతుంది, పోటు కాబట్టి రెట్టింపై 6. హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) 10 ఉన్న మనిషికి సగం పైన పోయింది, అదీ రాతియుగం ఆయుధానికి! నేసిన పోగులు తూటాని వలలా పట్టేస్తాయి గానీ సన్నటి మొన వాటిని పక్కకి తోసుకుని దూరిపోతుంది. 9 ఎంఎం పిస్తోలు సగటు దెబ్బ 9. జాకెట్ దాటేది 1, కోర్స్‌లెట్ దాటేది 2. తేడా అంతే. జాకెట్ కేజీ లోపు, కోర్స్‌లెట్ ఇరవై కేజీలు, గొప్ప అక్కడుంది.

అసలు కోపం ఇంకో ఆట పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్ మీద. మొదటి రేంజ్ ఇంక్రిమెంట్‌లో (దూరం మెట్టు), అంటే పిస్తోలుకి 20 అడుగులు, పాతకాలం పొడుగు తుపాకీ మస్కెట్‌కి 40, తుపాకీ టచ్ ఏసీనే చూస్తుంది, అంటే తగలడానికి దాటాల్సిన అంకెలో కవచం లెక్కలోకి రాదు. ఒళ్ళంతా కప్పే ఫుల్ ప్లేట్ ఆ అంకెకి ఇచ్చే 9 గాలికిపోతుంది. అప్పట్లో కమ్మరి తను చేసిన ఛాతీ పలక మీద తనే తుపాకీ పేల్చి చూపించేవాడు. ఆ సొట్టని సరిచేసేవాడు కాదు, అదే హామీ. ఫొటోలో చూసిన ఆ గుండ్రటి గుంట కళ్ళముందు నుంచి పోవట్లేదు. తూటాని ఆపడం కోసం పలక మందం పెంచారు, బరువు మొయ్యలేక కాళ్ళ కవచాలు వదిలేశారు.

రాస్తుంటే అనిపిస్తోంది, ఆ రూల్ మరీ తప్పేం కాదు. కత్తుల కోసం చేసిన పల్చటి పలకని దగ్గర్నుంచి మస్కెట్ చీల్చేస్తుంది. లేనిదల్లా ఆ సొట్టపడిన పలక. అదే చేరుస్తున్నా: అలాంటి బ్రెస్ట్‌ప్లేట్ (ఛాతీ పలక) ఇచ్చే 6 పిస్తోలు చూసే టచ్ ఏసీకి కూడా లెక్కలోకి వస్తుంది, మస్కెట్‌కి రాదు, బరువు ఒకటిన్నర రెట్లు. జాకెట్ ఎదురుగా మాత్రం రెండు గళ్ళు గీశాను.